చెక్కు అప్పుడే బ్యాంకులో వెయ్యకు

చిట్టితల్లీ,

నీ నవలని సినిమాకి అడిగారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎంత సంతోషమేసిందో! రెండు పేజీల ఒప్పందం, అడ్వాన్స్ చెక్కు పంపారనీ, "సంతకమే కదా" అన్నావనీ చెప్పేసరికి గుబులు పట్టుకుంది. అంత తొందరేమిటే? ముందు సినిమా ఒప్పందాలు తెలిసిన లాయరుకి చూపించు. నీ పబ్లిషర్‌తో చేసుకున్న కాగితమూ తీసి చూడు. సినిమా హక్కులు వాళ్లకి రాసిచ్చి ఉంటే ఇప్పుడు నువ్వు అమ్మడానికి ఏమీ లేదు.

నా భయమంతా "లాభంలో వాటా" అన్న మాట గురించే. అమెరికాలో విన్‌స్టన్ గ్రూమ్ 'ఫారెస్ట్ గంప్' నవలని మూడున్నర లక్షల డాలర్లకి, పైన నికర లాభంలో 3 శాతానికి ఇచ్చాడు. 1994లో వచ్చిన ఆ సినిమా ప్రపంచమంతా కలిపి 60 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది. సినిమా తీసిన పారామౌంట్ స్టూడియో లెక్కల్లో మాత్రం నష్టమే! వచ్చిన డబ్బులోంచి ముందు స్టూడియో పంపిణీ కమిషన్, ఆ తర్వాత ప్రచారం, ప్రింట్లు, ఆఫీసు ఖర్చుల కింద కొంత శాతం, పెట్టుబడి మీద వడ్డీ తీసేస్తారు. హీరోకీ దర్శకుడికీ వాటా వసూళ్ల మీదే కాబట్టి అదీ ముందే పోతుంది. ఇన్నీ పోయాక మిగిలితేనే రచయితకి. దొంగలెక్కలు రాయక్కర్లేదు, ఒప్పందంలో నికర లాభానికి రాసుకున్న అర్థమే చాలు.

మన దగ్గరా అంతే. నైజాం, సీడెడ్, ఓవర్సీస్, హిందీ డబ్బింగ్, శాటిలైట్, ఓటీటీ, ఇన్ని వైపుల నుంచి వచ్చే డబ్బు లెక్క నీకెవరు చూపిస్తారు తల్లీ? వాటా వద్దు. సంతకం రోజు ఇంత, షూటింగ్ మొదలైన రోజు ఇంత, విడుదలకి ముందు మిగతాది అని అంకెలు వేయించు. రీమేక్, రెండో భాగం, వెబ్ సిరీస్ దేనికదే విడి ధర.

కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఏడాదిలోగా వాడుకోకపోతే హక్కులు నీకే తిరిగొస్తాయి, ఒప్పందంలో వేరేగా లేకపోతేనే సుమా. "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని ఒక్క ముక్క ఉంటే ఆ ఐదేళ్లూ, భారతదేశం హద్దూ నీకు అక్కరకు రావు. కొట్టేయించు.

పేరు ఎక్కడ, ఎంత అక్షరాల్లో వెయ్యాలో కూడా రాయించు. 2009లో '3 ఇడియట్స్' సినిమాలో, దానికి ఆధారమైన నవల రాసిన చేతన్ భగత్ పేరు చివరి టైటిల్స్‌లో వేశారు. ఆయన గొడవపడితే నిర్మాతలు ఒప్పందం చూపించారు. నీకు మొదటి టైటిల్స్‌లోనే విడి కార్డు కావాలి.

కథ పాడుచేస్తే అదే చట్టంలో 57వ సెక్షన్ ఉంది. హిందీ రచయిత్రి మన్నూ భండారీ 'ఆప్‌కా బంటీ' నవల కేసులో, హక్కులు అమ్మినా వక్రీకరణని అడ్డుకునే హక్కు రచయితకి ఉంటుందని 1986లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అయినా నిన్ను కోర్టు మెట్ల మీద చూడలేను. ఏవి మార్చకూడదో, ముగింపు సంగతేమిటో ఇప్పుడే కాగితం మీద పెట్టించు.

ఆ రెండు పేజీలూ ఫోటో తీసి నాకు పంపు. చెక్కు వేసుకుంటే ఒప్పుకున్నట్టేనని వాదిస్తారు, లాయరు సరేననే దాకా బీరువాలోనే ఉంచు.

మీ పెదనాన్న