లారెల్, హార్డీల పాత రికార్డుల్లో ఏవి వినదగ్గవి?

హాలీవుడ్ హాస్యజంట స్టాన్ లారెల్, ఆలివర్ హార్డీల పేరుతో దొరికే పాత రికార్డుల్లో నిజంగా వారి గొంతులే ఉంటాయా, బొమ్మ లేకుండా వింటే ఆ హాస్యం నిలుస్తుందా, సేకరించదలచినవారు దేనితో మొదలుపెట్టాలి అని మీరు అడిగారు. గొంతులు చాలావరకు వారివే. అయితే గ్రామఫోను కోసమే వారు మాట్లాడినది బహు స్వల్పం. ఎక్కువ భాగం సినిమాల సౌండ్‌ట్రాక్ నుంచి తీసినవి, కొన్ని రేడియో కోసం చేసినవి. ఈ మూడు రకాలనూ ఏళ్ళ తరబడి సేకరించి వింటున్నవాడిగా నా అభిప్రాయం చెబుతాను: చెవికి అన్నిటికన్నా ఎక్కువ ఇచ్చేవి సినిమాల నుంచి తీసినవే, వాటిలోనూ హార్డీ పాడినవి.

ప్రత్యేకించి రికార్డు కోసం వారిద్దరూ మాట్లాడినది 1932లో. స్టాన్ లారెల్ ఇంగ్లండులోని అల్వర్‌స్టన్‌లో పుట్టినవాడు. ఆ వేసవిలో ఆయన విశ్రాంతి కోసం స్వదేశానికి బయలుదేరగా హార్డీ కూడా వెంట వెళ్ళాడు, వారు ఎక్కడ దిగినా జనం విరగబడ్డారు. ఆ సందడిలోనే లండన్‌లో కొలంబియా కంపెనీ వారిచేత 12 అంగుళాల 78 రికార్డు (నిమిషానికి 78 చుట్లు తిరిగేది) ఒకటి చేయించింది. ప్రసిద్ధమైన వారి పరిచయ సంగీతం 'డాన్స్ ఆఫ్ ది కుక్కూస్'ను అందులో వాన్ ఫిలిప్స్ బృందం వాయించింది. చరిత్ర దృష్టితో ఇది అమూల్యమైనదే గాని, హాస్యంగా నాకు అంతగా రుచించలేదు. ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు మించని రికార్డులో వారి నిదానానికి చోటు లేదు. ఒకరు మాట అనడానికి, ఇంకొకరు దాన్ని అర్థం చేసుకోవడానికి మధ్య ఉండే జాగులోనే వారి ప్రాణమంతా ఉంటుంది.

ఆ పరిచయ సంగీతాన్ని కట్టిన మార్విన్ హాట్లీ, వారి సినిమాలు తీసిన హాల్ రోచ్ స్టూడియో ఆవరణలోనే నడిచిన ఒక చిన్న రేడియో కేంద్రంలో పనిచేసేవాడు. గంట గంటకూ సమయం తెలపడానికి అక్కడ మోగించిన బాణీ స్టాన్ చెవిన పడి, ఆయనకు నచ్చి, సినిమాల్లోకి వచ్చింది. 1953లో వారి ఓడ ఐర్లండులోని కోవ్ రేవు చేరినప్పుడు అక్కడి కథీడ్రల్ గంటలు ఇదే బాణీని మోగించాయి, అది విని స్టాన్ కంటతడి పెట్టుకున్నాడు.

సినిమా ధ్వని కూడా మొదట రికార్డు మీదే ఉండేదని చాలామందికి తెలియదు. తొలి టాకీల కాలంలో ఒక్కో రీలుకు ఒక్కో 16 అంగుళాల డిస్కు, నిమిషానికి 33⅓ చుట్లతో, లోపలి అంచు నుంచి బయటి అంచు వైపుగా తిరిగేది. 1929 మేలో విడుదలైన వారి మొదటి టాకీ 'అన్‌అకస్టమ్డ్ యాజ్ వి ఆర్' డిస్కులు దశాబ్దాల పాటు కనిపించకుండా పోయి, 1970ల చివర్లో మళ్ళీ దొరికాయి. అంతవరకు ఆ చిత్రాన్ని మూకీగానే చూడవలసి వచ్చింది. ఆ డిస్కులే దొరక్కపోయి ఉంటే, వారు తెర మీద మొదటిసారి మాట్లాడిన మాటలు మనకు శాశ్వతంగా పోయేవి.

కళ్ళు మూసుకుని వింటే ఒక లోటు మాత్రం తప్పదు. ప్రేక్షకులు నవ్వే వ్యవధిని ముందస్తు ప్రదర్శనల్లో గమనించి సన్నివేశాల నిడివిని సరిచేసేవారు కనుక, హార్డీ కెమెరా వైపు దీనంగా చూసే క్షణాలు రికార్డులో ఉత్త నిశ్శబ్దంగా మిగులుతాయి. దానికి బదులుగా, మనకు కనబడని చోట ఏదో కూలిన చప్పుడు, ఆ వెంటనే హార్డీ పెట్టే పెడబొబ్బ, చివరికి స్టాన్ సన్నని ఏడుపు ఎంత కొలిచినట్టు పేర్చారో అప్పుడే స్పష్టంగా తెలుస్తుంది. డబ్బింగు ఇంకా కుదురుకోని 1930-31 ప్రాంతంలో వారు స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ సంభాషణలను ఉచ్చారణ రాసి పెట్టుకుని పలికిన చిత్రాలు కూడా తీశారు. వీలైతే ఆ స్పానిష్ చిత్రాలు తప్పక వినండి: భాష తెలియకపోయినా గొంతుల లయ ఏమాత్రం చెడలేదు.

ఇక హార్డీ గొంతు. అమెరికాలోని జార్జియాలో పుట్టిన ఆ మనిషి చిన్ననాటి నుంచీ పాడేవాడు. అంత భారీ శరీరంలో అంత మెత్తని గళం ఉండటం ఎన్నిసార్లు విన్నా నాకు ఆశ్చర్యమే. 1937 నాటి 'వే అవుట్ వెస్ట్' చిత్రంలోని 'ది ట్రయల్ ఆఫ్ ది లోన్‌సమ్ పైన్' పాట 1975లో బ్రిటన్‌లో చిన్న రికార్డుగా వచ్చి, అక్కడి అమ్మకాల పట్టికలో రెండో స్థానానికి ఎక్కింది. అప్పటికి ఇద్దరూ కన్నుమూసి చాలా కాలమైంది. ఆ పాటలో స్టాన్ ఉన్నట్టుండి తీసే లోతైన గొంతు నటుడు చిల్ విల్స్‌ది, నెత్తిన సుత్తి దెబ్బ పడ్డాక ఆయన నోట పలికే స్త్రీ గొంతు నటి రోజీనా లారెన్స్‌ది. మీ మొదటి ప్రశ్నకు నాకు తెలిసిన ముఖ్యమైన మినహాయింపు ఇదే.

రేడియో విషయానికి వస్తే, 1944లో ఒక ధారావాహిక కోసం నమూనా భాగం రికార్డు చేశారు గాని అది ముందుకు సాగలేదు. ఆసక్తి కలవారు ఒకసారి వింటే చాలు.

అసలు 78 రికార్డే కొనదలిస్తే రెండు జాగ్రత్తలు తీసుకోండి. ఎల్పీల (తరువాతి కాలపు 33⅓ చుట్ల రికార్డుల) ముల్లుతో దాన్ని వాయించకండి. 78 గాడి వెడల్పైనది కనుక సన్నని ముల్లు అడుగున తిరుగుతూ గరగర శబ్దాన్నే ఎక్కువగా పైకి తెస్తుంది. దాదాపు మూడింతలు మందమైన ముల్లు వేరుగా అమ్ముతారు, దానితో మాటలు ఎంత తేటపడతాయో విన్నవారికే తెలుస్తుంది. రెండోది, స్పిరిట్‌తో ఎన్నడూ తుడవకండి. ఆ రికార్డుల్లో ఉన్నది లక్క, అది స్పిరిట్‌లో కరిగిపోతుంది. (ఆ కాలంలో ప్రపంచపు రికార్డులకు కావలసిన లక్కలో అధిక భాగం మన దేశపు అడవుల నుంచే వెళ్ళేది.) 1970లలో వచ్చిన సౌండ్‌ట్రాక్ ఎల్పీలకు ఈ బెడద లేదు, మామూలు ప్లేయరు మీదే చక్కగా పలుకుతాయి, కాబట్టి మీరు 'లోన్‌సమ్ పైన్' పాట ఉన్న ఎల్పీతోనే మొదలుపెట్టి, 1932 నాటి రికార్డు కోసం తీరికగా వెతకండి.