2147483647 ప్రధాన సంఖ్యేనా? దాని ధర్మాలు ఏమిటి?

ప్రధాన సంఖ్యే. ఇది 2³¹ − 1, అంటే మెర్సెన్ ప్రైమ్ (2 ఘాతం నుంచి 1 తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్య). 1772 నాటికే గణితవేత్త ఆయిలర్ తేల్చేశాడు. వర్గమూలం 46341 లోపే, అయినా అంతవరకు ఉన్న ప్రధాన సంఖ్యలు నాలుగు వేల ఏడొందలకు పైనే. అన్నిటితో భాగించక్కర్లేదు. దీనికి ప్రధాన భాజకం ఉంటే, దాన్ని 62తో భాగిస్తే శేషం 1, 8తో భాగిస్తే 1 లేదా 7 రావాలి. రెండూ కలిపితే, 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63. 46341 లోపు ఆ వడపోతకు నిలిచే ప్రధాన సంఖ్యలు వందైనా లేవు (మొదటిది 311). ఏదీ భాగించదు.

ఇకపై దీన్ని ‘ప’ అందాం. ప − 1 = 2·3²·7·11·31·151·331. మాడ్యులో ‘ప’లో, అంటే ‘ప’తో భాగించి శేషం మాత్రమే చూసే లెక్కలో, 7 ప్రిమిటివ్ రూట్: దాని ఘాతాల శేషాలు 1 నుంచి ప − 1 దాకా అన్నిటినీ చుట్టేస్తాయి. 5కూ ప − 1కూ ఉమ్మడి భాజకం లేదు గనుక 7⁵ = 16807 కూడా అంతే; పాత ర్యాండమ్ నంబర్ జనరేటర్లు (యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే ప్రోగ్రాములు) ప్రతి మెట్టులో గుణకంగా వాడింది దీన్నే. గుణకంగా 2 పనికిరాదు, 31 మెట్లకే చక్రం తిరిగొస్తుంది.

నాకు బాగా నచ్చేది వర్గమూలం సంగతి. ప + 1 = 2³¹ కాబట్టి, మాడ్యులో ‘ప’లో ‘అ’కు వర్గమూలం కావాలంటే ‘అ’ను వరసగా 29 సార్లు వర్గం చేస్తే చాలు. ఒక్క చిక్కు: ‘అ’ అసలు వర్గశేషం (ఏదో ఒక వర్గాన్ని ‘ప’తో భాగిస్తే మిగిలే శేషం) కాకపోతే వచ్చేది ‘−అ’ వర్గమూలం. జవాబును వర్గం చేసి సరిచూడాల్సిందే. కోడ్ రాస్తే లబ్ధానికి 64 బిట్లు పెట్టండి. 32 బిట్లలో పొంగిపోయి తప్పు శేషం వస్తుంది.