పెసరగింజంత ట్రైలోబైట్ కోసం

బుజ్జీ,

సెలవుల్లో పిల్లలతో అమెరికాలోని యూటా వెళ్లి, డెల్టా ఊరికి పడమటగా ఉన్న వీలర్ షేల్ అనే పొరల రాళ్లు కొట్టి, ట్రైలోబైట్ల (ఎప్పుడో అంతరించిన పెంకు సముద్రజీవుల) శిలాజాలు వెతకాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. అక్కడికి వెళ్లినవాళ్లందరి కళ్లూ నల్లగా నిగనిగలాడే ఎల్రాథియా అనే ట్రైలోబైట్ మీదే ఉంటాయి. అది ఎలాగూ దొరుకుతుంది. నువ్వు మాత్రం జనం చూడకుండా పక్కన పడేసే పలకలు వెతుకు. వాటి మీద పెసరగింజంత పెరనాప్సిస్ అనే బుల్లి ట్రైలోబైట్ ఉంటుంది. అక్కడ దొరికే రకానికి ఈమధ్య ఇటాగ్నోస్టస్ అని పేరు మార్చారు, పాత పుస్తకాల్లో పాత పేరే కనిపిస్తుంది. కంగారుపడకు.

రాయిని నడిమికి కొట్టకు. అంచున పొర కనిపించేచోట ఉలి పెట్టి మెల్లగా తట్టు, పుస్తకం తెరిచినట్టు విడిపోతుంది. పిల్లల కళ్లకు అద్దాలు తప్పనిసరి.

దొరికాక అసలు తంటా మొదలవుతుంది. తల ఏది, తోక ఏది? రెండూ దాదాపు ఒకే సైజు, ఒకే గుండ్రం. కళ్లు చూసి పోల్చుకుందామంటే దానికి కళ్లే లేవు. నేను చాలాకాలం ఒక ముక్కను తలకిందులుగా పెట్టి అందరికీ చూపించాను, ఇప్పటికీ మీ అత్తయ్య దెప్పుతుంది. పదిరెట్ల లెన్స్ పెట్టి, టార్చి వెలుతురు పక్కనుంచి పడేలా పట్టుకో. తల నడుమ ఉబ్బు అడ్డంగా చీలి రెండు ముక్కలుగా ఉంటుంది, ముందుది చిన్నది. ఆ ఉబ్బు వెనక, నడుము వైపు, రెండు మూలల్లో బుల్లి ముక్కోణపు బొడిపెలుంటాయి. అవి కనిపిస్తే అది తలే. తోక నడుమ ఉబ్బు మీద చిన్న మొటిమలాంటిది ఉంటుంది, అది అరిగిపోతే మాత్రం కనపడదు.

ఇక తలకీ తోకకీ మధ్య నడుములో అడ్డంగా ఉండే పట్టీలు లెక్కపెట్టు. రెండే ఉండాలి. ఎల్రాథియా పెద్దదానికి పదమూడు. దాని పిల్లలకు పట్టీలు తక్కువుంటాయి కాబట్టి సైజు చూసి మోసపోకు. రెండే పట్టీలు కావడంతో పెరనాప్సిస్ ముడుచుకుంటే తలా తోకా కలిసి కుంకుమ భరిణె మూసినట్టే ఉంటుంది. మిగతా ట్రైలోబైట్లలో చాలావాటికి తల మీద కుబుసం విడవడానికి చీలిక గీతలుంటాయి, దీనికి అవీ లేవు.

కాళ్లు కనిపిస్తాయేమోనని సూదితో గోకకు, పెంకే పోతుంది. దీని బంధువు అగ్నోస్టస్ కాళ్లు స్వీడన్ సున్నపురాయిని ఆమ్లంలో కరిగించాక బయటపడ్డాయి. ఆ వివరాలను ముల్లర్, వాలోసెక్ అనే శాస్త్రవేత్తలు 1987లో ప్రచురించారు. అది లాబ్‌లో చేసే పని, మన వంటింట్లో కాదు.

మాత్రల డబ్బాలో దూది వేసి, చోటూ తేదీ రాసి పెట్టు. ఎడారి కదా, అనుకున్నదానికి రెట్టింపు నీళ్లు తీసుకెళ్లు. దొరికితే ఫోటో పంపు, కానీ తల ఏదో ముందే చెప్పొద్దు.

మీ మావయ్య