మూడేళ్ల లైసెన్సు రౌటర్‌కు 59,000 పెట్టాలా?

ప్రశ్న: తెనాలిలో జీఎస్టీ, ఇన్‌కం ట్యాక్స్ రిటర్నులు వేసే చిన్న ఆఫీసు మాది. నాతో కలిపి నలుగురం. ట్యాలీ (అకౌంట్ల సాఫ్ట్‌వేర్) డేటా అంతా ఆఫీసులోని ఒకే కంప్యూటర్లో ఉంటుంది. సీజన్లో రాత్రిళ్లు ఇంటి నుంచి పని చేసుకోవాలి. బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి భద్రంగా రానిచ్చే వీపీఎన్ రౌటర్ కావాలంటే డీలర్ మూడేళ్ల లైసెన్సుతో ఒక ఫైర్‌వాల్ (బయటి దాడుల్ని అడ్డుకునే పెట్టె) చూపించి, జీఎస్టీతో కలిపి 59,000 అన్నారు. నో కాస్ట్ ఈఎంఐ ఉందట, ఖర్చు చూపిస్తే పన్ను కూడా కలిసొస్తుందట. నా రాబడి ఏటా 14 లక్షల లోపే. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు. 44ఏడీఏ (వృత్తి నిపుణులు రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపించే సెక్షన్) కింద, కొత్త పన్ను విధానంలో రిటర్ను వేస్తున్నాను. తీసుకోమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: వద్దండి. కనీసం ఇప్పుడైతే వద్దు.

ముందు పన్ను సంగతి. ఊరందరికీ రిటర్నులు వేసే మీకు ఇది నేను చెప్పక్కర్లేదు గానీ, డీలర్ మాటల్లో పడి మన లెక్క మనమే మర్చిపోతుంటాం. 44ఏడీఏలో రాబడిలో సగం ఆదాయంగా చూపించాక తరుగుదలతో సహా ఖర్చులన్నీ మిగతా సగంలో కలిసిపోయినట్టే. విడిగా రౌటర్ బిల్లు పెట్టడానికి చోటే లేదు. పైగా 14 లక్షల్లో సగం 7 లక్షలు. వేరే ఆదాయం లేకపోతే, 12 లక్షల ఆదాయం దాకా రిబేటు ఉన్న కొత్త విధానంలో మీరు కట్టేది సున్నా. సున్నాలోంచి ఏం ఆదా చేస్తారు? రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి బిల్లులోని 9,000 జీఎస్టీ కూడా వెనక్కి రాదు. క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే నో కాస్ట్ ఈఎంఐలోనూ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, సాధారణంగా ప్రాసెసింగ్ ఫీజు కూడా మీ నెత్తినే పడతాయి. రొక్కమిస్తే ఎంత తగ్గిస్తారో అడిగి చూడండి, ఆ వడ్డీ ఎక్కడ దాక్కుందో తెలుస్తుంది.

ఇక వస్తువు. మీకు కావలసింది ఇంటి నుంచి ఆఫీసు కంప్యూటర్‌కు ఒక భద్రమైన దారి, అంతే. వీపీఎన్ సర్వర్ ఉన్న చిన్న ఆఫీసు రౌటర్లు పది వేల లోపే దొరుకుతాయి. డబ్బా మీద ‘వీపీఎన్’ అని ఉంటే చాలదు. ‘వీపీఎన్ పాస్‌త్రూ’ అంటే లోపలి కంప్యూటర్ల వీపీఎన్‌ను బయటికి పోనిస్తుందని మాత్రమే, ‘క్లయింట్’ అంటే మరో సర్వర్‌కు తాను కలుస్తుందని. మీరు అడగాల్సింది వైర్‌గార్డ్ లేదా ఓపెన్‌వీపీఎన్ (రెండూ వీపీఎన్ పద్ధతులే) ‘సర్వర్’, అంటే బయటి నుంచి వచ్చే మిమ్మల్ని లోపలికి తీసుకునేది. పీపీటీపీ అనే పద్ధతి ఒక్కటే ఉందంటే ముట్టుకోకండి, అది ఎప్పుడో పాతబడిపోయింది. మైక్రోటిక్ రౌటర్లలో ఏడో వెర్షన్ సాఫ్ట్‌వేర్ నుంచి వైర్‌గార్డ్ వస్తోంది. ధర తక్కువే, కానీ సెట్టింగులు తెలిసిన కుర్రాడు ఒకడు దగ్గర్లో ఉండాలి. డబ్బా మీది ‘గిగాబిట్’ మామూలు నెట్ వేగం. వీపీఎన్ వేగం అంతకంటే చాలా తక్కువ ఉండొచ్చు, దాన్ని విడిగా అడగండి. నెలవారీ చందా కట్టే వీపీఎన్ యాప్‌లతో మీకు పని లేదు, అవి మీ ఆఫీసుకు దారి చూపించవు.

కొనేముందు ఐదు నిమిషాల పని ఒకటుంది. ఇప్పుడున్న రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (నెట్ కంపెనీ మీ రౌటర్‌కు ఇచ్చిన చిరునామా) చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, మీ నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచుతోందన్నమాట. అప్పుడు ఎంత ఖరీదైన రౌటర్ పెట్టినా బయటి నుంచి నేరుగా లోపలికి రాలేరు. స్టాటిక్ ఐపీ (మీకు మాత్రమే ఇచ్చే, మారని పబ్లిక్ చిరునామా) తీసుకోవాలి, దానికి నెలకు కొన్ని వందలవుతుంది.

స్టాటిక్ ఐపీకి నెలకు 300 అనుకుందాం, మూడేళ్లకు 10,800. రౌటర్ 8,000, బిగించినందుకు 3,000. మొత్తం 21,800. డీలర్ చెప్పిన ఫైర్‌వాల్‌కు కూడా ఆ స్టాటిక్ ఐపీ తప్పదు కాబట్టి అక్కడ 69,800. తేడా 48,000. అదీ మూడేళ్లకే. నాలుగో ఏట లైసెన్సు రెన్యువల్ చేయకపోతే కొన్ని కంపెనీల్లో వైరస్ వడపోతే కాదు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లూ ఆగిపోతాయి.

ఇంకో మాట. వీపీఎన్ మీదుగా ట్యాలీ డేటా ఫోల్డర్‌ను ఇంట్లో తెరిస్తే నత్తనడకే. ఆఫీసు కంప్యూటర్‌నే రిమోట్ డెస్క్‌టాప్‌లో (దాని తెరను ఇంట్లో చూపించే విండోస్ సదుపాయం) తెరిచి పని చేసుకోండి. దానికి ఆ కంప్యూటర్లో విండోస్ ప్రో ఉండాలి, హోమ్‌లో రాదు. వీపీఎన్ ఎందుకులే అని ఎవరైనా రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389ని నేరుగా నెట్‌లోకి తెరిచిపెడితే మాత్రం ఒప్పుకోకండి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే ర్యాన్‌సమ్‌వేర్ ముఠాలు వెతికేది అలాంటి తలుపుల కోసమే.

క్లయింట్ల పాన్, బ్యాంకు వివరాలన్నీ ఒకే కంప్యూటర్లో ఉన్నాయన్నారు. నాకు రౌటర్ కంటే అదే ఎక్కువ భయం. మిగిలిన 48,000లో ముందు రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులు కొని, వారం విడిచి వారం ఒక్కోదానిలో బ్యాకప్ తీయండి. ఒకటి ఎప్పుడూ ఇంట్లో ఉండాలి. మిగతాది లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) వేసుకోండి. రేపు సిబ్బంది పది మంది దాటినా, పెద్ద క్లయింటు ఒప్పందంలో ఫైర్‌వాల్ ఉండాలని రాసినా అప్పుడు కొనొచ్చు. ఆ రోజు రెన్యువల్ ధరను కొటేషన్లోనే రాయించుకోండి.