777 ఇచ్చిన ఫైళ్లు ఎక్కడున్నాయో వెతకడమెలా?

ప్రశ్న: లినక్స్ సర్వర్‌లో ఒక ప్రోగ్రామ్ పనిచేయక, తొందరలో చాలా ఫైళ్లకు 777 పర్మిషన్ (అందరికీ అన్ని హక్కులూ) ఇచ్చేశాను. ఎవరైనా మార్చేయగల స్క్రిప్టులు ఏవో ఇప్పుడు తెలుసుకోవాలి. ‘ఫైండ్ . -నేమ్ *.ఎస్‌హెచ్ -పెర్మ్ 002’ అని కొడితే ఒక ఫోల్డర్‌లో ఎర్రర్ వస్తోంది, ఇంకో ఫోల్డర్‌లో ఏమీ రావడం లేదు. తప్పెక్కడుంది?

జవాబు: రెండు చోట్ల ఉంది. కమాండ్లను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయండి.

ముందు ఎర్రర్ సంగతి. నక్షత్రం గుర్తును కొటేషన్లలో పెట్టకపోతే ఫైండ్ కంటే ముందు షెల్ (మీరు టైప్ చేసిన కమాండ్‌ను చదివి నడిపే ప్రోగ్రామ్) దాన్ని అందుకుంటుంది. మీరున్న ఫోల్డర్‌లో అలాంటి పేరున్న ఫైళ్లు రెండు మూడు ఉంటే ఆ పేర్లన్నీ అక్కడ పరిచేస్తుంది, ఫైండ్‌కు అర్థంకాక ఎర్రర్ ఇస్తుంది. ఒక్కటే ఉంటే ఇంకా ప్రమాదం. ఎర్రర్ రాదు కానీ ఆ ఒక్క పేరు కోసమే వెతుకుతుంది. ఒక్కటీ లేకపోతే బాష్ అనే షెల్ ఆ గుర్తును అలాగే పంపిస్తుంది కాబట్టి అంతా సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది. అందుకే '*.ఎస్‌హెచ్' అని ఎప్పుడూ కొటేషన్లలోనే రాయండి. పేరులో పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టించుకోవద్దంటే -నేమ్ బదులు -ఐనేమ్ వాడండి.

ఇక ఏమీ రాకపోవడం. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1, మూడూ కలిస్తే 7. మూడు అంకెల్లో మొదటిది యజమానిది, రెండోది గ్రూప్‌ది, చివరిది ‘ఇతరుల’ది. మీరు 002 అన్నారు, అంటే పర్మిషన్ కచ్చితంగా 002 మాత్రమే ఉన్న ఫైలు కావాలన్నారు. యజమానికే ఏ హక్కూ లేని అలాంటి ఫైలు దాదాపు ఎక్కడా ఉండదు. 777లో ఆ 2 ఉన్నా, అది 002 కాదు కదా! 002 ముందు ఒక గీత (-) పెడితే ప్రశ్నే మారిపోతుంది:

ఫైండ్ . -టైప్ ఎఫ్ -నేమ్ '*.ఎస్‌హెచ్' -పెర్మ్ -002

‘మిగతావి ఎలా ఉన్నా, ఇతరులకు రాసే హక్కుంటే చూపించు’ అని దీని అర్థం. -టైప్ ఎఫ్ అంటే మామూలు ఫైళ్లే చూడమని. గీత పెట్టి ఎక్కువ బిట్లు (హక్కులు) అడిగితే అవన్నీ ఉండాలి. గ్రూప్‌కో ఇతరులకో, ఎవరో ఒకరికి ఉంటే చాలనుకుంటే -002 బదులు /022 అనండి. -టైప్ ఎఫ్ వదలొద్దు. లినక్స్‌లో సింబాలిక్ లింకులు (వేరే ఫైలును చూపించే షార్ట్‌కట్లు) ఎప్పుడూ 777గానే కనిపిస్తాయి, అవన్నీ లిస్టులోకి వచ్చి అనవసరంగా టెన్షన్ పెడతాయి.

‘పర్మిషన్ డినైడ్’ వరసలు వస్తే 2>/డెవ్/నల్ చేర్చి దాచేయమని చాలామంది చెబుతారు. మీ పనికి అది వద్దు. ఆ ఫోల్డర్లలో వెతకడమే జరగలేదని ఆ వరసలు చెబుతున్నాయి. సుడోతో (అడ్మిన్ హక్కులతో) నడపండి.

లిస్టంతా కళ్లతో చూశాకే అదే కమాండ్ చివర ‘-ఎగ్జెక్ సీహెచ్‌మోడ్ ఓ-డబ్ల్యూ {} +’ చేర్చండి. ఇతరుల రాసే హక్కు ఒక్కటే పోతుంది, మిగతా పర్మిషన్లు అలాగే ఉంటాయి.

ఫోల్డర్లను కూడా చూడాలి. ఫోల్డర్‌లో రాసే హక్కున్నవాళ్లు, లోపలి ఫైలును మార్చలేకపోయినా, దాన్ని తీసేసి అదే పేరుతో ఇంకోటి పెట్టగలరు:

ఫైండ్ . -టైప్ డి -పెర్మ్ -002 ! -పెర్మ్ -1000

చివరి భాగం స్టిక్కీ బిట్ (ఒకరి ఫైళ్లను ఇంకొకరు తీసేయకుండా ఆపే గుర్తు) ఉన్న ఫోల్డర్లను వదిలేస్తుంది. /టీఎంపీ అలాంటిదే, దాన్ని మార్చకండి.