పొద్దు గుంకకముందే గండికోట చేరు

ప్రొద్దుటూరు

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

అక్క ఫోన్ చేసింది. సంక్రాంతి వెళ్ళాక పిల్లల్ని కారెక్కించుకుని, మా కడప జిల్లాలో పెన్న లోయ అంచునున్న గండికోట పోతున్నావట, రాత్రికి అక్కడే టెంటులో పడుకుంటారట. "వాడు నా మాట వినడు, నువ్వైనా చెప్పరా తమ్ముడూ" అంది. వద్దని చెప్పమని ఆమె ఉద్దేశం. నేను వద్దనను. ముప్పై ఏళ్లు బస్సు తోలినవాణ్ని, బయలుదేరినవాణ్ని ఆపడం నాకు చేతకాదు. ఎట్లా పోవాలో మాత్రం చెప్తాను.

అన్నిటికన్నా ముందు ఒక మాట. వెలుతురుండగా చేరు. మిగతావన్నీ మరిచిపోయినా ఫర్వాలేదు.

ఎందుకంటున్నానో చెప్తా. నా పెళ్లయిన కొత్తలో నేనూ మా బావమరిదీ వాడి జీపులో గండికోట పోయాం. అప్పుడక్కడ హోటల్ లేదు, టెంట్లు లేవు. దారిలో పంచరు పడి, చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. జీపులోనే పడుకుని పొద్దున చూసుకోవాల్సింది. "ఒక్కసారి చూసొద్దాం బావా, ఎంత దూరం" అన్నాడు వాడు. ఇద్దరికీ కలిపి ఒకటే టార్చి. అక్కడ నేలంతా బండలే. ఒక బండ మీంచి ఇంకో బండ మీదికి అడుగేస్తూ పోతున్నాం, చదునుగానే ఉన్నట్టుంది. ఉన్నట్టుండి గాలి మారింది. అంతసేపూ వీపుకు తగిలిన గాలి, కింది నుంచి ముఖానికి కొట్టింది. లుంగీ పైకి లేచింది. ఆగిపోయాను. టార్చి ముందుకు వేస్తే వెలుతురు ఎక్కడా ఆనలేదు. వెనక్కి జరగబోతుంటే చెయ్యి వణికి టార్చి జారిపోయింది. చప్పుడు వస్తుందని చూశాం. ఎంతకీ రాదే! అది వచ్చేసరికి బావమరిది నా చొక్కా గుప్పిట్లో పట్టుకుని కూలబడ్డాడు. అక్కణ్నుంచి జీపు దాకా ఇద్దరం కూర్చునే, చేతులతో తడుముకుంటూ జరుగుతూ వచ్చాం.

ఇప్పుడు మనుషుల రాకపోకలు పెరిగాయి, దీపాలున్నాయి. అయినా అంచు పొడవునా కంచె ఉంటుందని లెక్కేసుకోవద్దు. లోయ మాత్రం అప్పటిదే. సంక్రాంతి రోజుల్లో ఆరు గంటలకల్లా పొద్దు గుంకుతుంది. నాలుగింటికి నువ్వు కోటలో ఉండాలి. పగటి వెలుతురులో పిల్లలకు చూపించి, ఫలానా చెట్టు దాటి రావద్దు, ఫలానా బండ దాటి పోవద్దు అని గీత గీసి చెప్పు. చీకటి పడ్డాక ఆ వైపు ఎవ్వరూ పోకూడదు. నువ్వు కూడా, ఫోటో కోసం కూడా.

ఇక దారి. హైదరాబాదు నుంచి 370 కిలోమీటర్ల పైమాటే. తెల్లవారి ఐదింటికి బయలుదేరితే కర్నూలులో టిఫిన్‌కు అందుకుంటావు. ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిను, ఇడ్లీ ఎక్కడైనా దొరుకుతుంది. కర్నూలు దాకా పెద్ద రోడ్డు, చెప్పేదేమీ లేదు. అక్కడ నంద్యాల దారి పట్టి ఓర్వకల్లు దాటాక బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు. ఈ ముక్కలోనే డ్రైవింగ్ తెలియాలి.

అటంతా నల్లరేగడి. చుక్క వాన పడినా ఎదుటి బండికి దారి ఇద్దామని టైరు మట్టిలోకి దించావో, ట్రాక్టరు వచ్చి లాగేదాకా అక్కడే ఉంటావు. రెండోది, అవి శనగ, కంది కోతల రోజులు. రైతులు తారు రోడ్డు మీదే కల్లం చేస్తారు. వాళ్లను తిట్టుకోకు, అంత గట్టి నేల వాళ్లకు ఇంకెక్కడ దొరుకుతుంది! ఎండుకట్టె రోడ్డు మీద పరిచి ఉంటే దాని మీద బండి ఆపొద్దు, కాగిన సైలెన్సరుకు తగిలి అంటుకుంటుంది. గింజలు ఆరబోసిన చోట బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు. పగలు కనిపిస్తాయి. రాత్రి మాత్రం సగం రోడ్డు రాళ్లే, వాటికి లైటూ ఉండదు, గుర్తూ ఉండదు. ఆపైన నాపబండలు మోసే లారీలు. ఆ చుట్టుపక్కల నాపరాయి గనులు చాలా ఉన్నాయి. వెనక లైటు వెలగని లారీ మలుపులో నిలబడి ఉండటం నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. నాలుగింటికి చేరమన్నది లోయ కోసమే కాదు, ఈ రోడ్డు కోసం కూడా.

జమ్మలమడుగులో పెట్రోలు నింపుకో, తాగే నీళ్లు కొనుక్కో, చేతిలో చిల్లర నోట్లు పెట్టుకో. అక్కణ్నుంచి కోట పదిహేను కిలోమీటర్లు. ఏటీఎం, మందుల షాపు అన్నీ జమ్మలమడుగులోనే అనుకో. చిన్నదానికి రాత్రిళ్లు దగ్గు వస్తుందని అక్క చెప్పింది, ఆ సిరప్ మరిచిపోవద్దు. తలా ఒక టార్చి ఉండాలి. ఫోను లైటును టార్చి కింద లెక్కపెట్టకు.

పడక సంగతి. టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది. గది దొరికితే గదే తీసుకో. టెంటు మీద నీకు మోజు, తెలుసు. పిల్లలు అడిగారని అంటావు కానీ అడిగింది నువ్వే. సరే, టెంటయితే అంచుకు దగ్గరగా వేస్తామనే మాటకు పడిపోకు. "టెంటు తలుపు తీస్తే లోయ కనపడుద్ది సార్" అంటారు. అర్ధరాత్రి నిద్రకళ్లతో పాసుకు లేచిన పిల్లవాడికి కూడా అదే కనపడుతుంది. ఊరి వైపుకు వేయించుకో. రాత్రి గాలికి టెంటు గుడ్డ పటపట కొట్టుకుంటూనే ఉంటుంది, భయపడొద్దు, కాకపోతే నిద్ర సరిగా పట్టదని తెలిసి పో. చలిమంట వేస్తే పడుకునే ముందు నీళ్లు పోసి, బూడిద చల్లారిందా అని చేత్తో చూసి మరీ పడుకో. తినేవన్నీ కారులో పెట్టి అద్దాలు ఎక్కించు. పొద్దున్నే కోతులు వస్తాయి, జిప్పు తీయడం వాటికి నీకన్నా బాగా వచ్చు.

ఎండాకాలం పోతానంటే మాత్రం నిజంగానే వద్దనేవాణ్ని. ఆ బండలు పగలంతా తాగిన వేడిని రాత్రి పదింటిదాకా కక్కుతూనే ఉంటాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. గండికోట ఉత్సవాలు జరిగే రోజులేమో కనుక్కో. జరుగుతుంటే ఒక వారం ఆగి పో.

ఇప్పుడు అసలు చూడ్డం గురించి. దీనికి ఇండియా గ్రాండ్ క్యాన్యన్ అని పేరు పెట్టారు. పెద్దాడు ఆ వీడియోలు చూసి ఆశ పెంచుకుని ఉంటే ముందే చెప్పు, ఆ పోలిక మనసులోంచి తీసెయ్యమని. అమెరికాలోది 446 కిలోమీటర్ల పొడవు, లోతు చూస్తే కిలోమీటరున్నర దాటుతుంది. మనది ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పెన్న చేసుకున్న సందు. చెరువు కట్ట తెగితే గండి పడింది అంటాం కదా, ఆ గండే ఇది. కొండకు గండి పడిన చోట కోట కట్టారు కాబట్టి గండికోట. పైన గండికోట డ్యాం, కింద మైలవరం డ్యాం, మధ్యలో ఈ లోయ. అందుకే అందులో నీళ్లు కదలనట్టు కనిపిస్తాయి. కదలకపోయినా లోతే. ఈత వచ్చని నువ్వు దిగొద్దు.

సాయంత్రం అందరూ చూస్తారు. నువ్వు పొద్దున చూడు. ఆరూ నలభైకి అటూ ఇటుగా సూర్యుడు వస్తాడు. ఆరింటికి లేపు పిల్లల్ని, స్వెట్టర్లు వేసి, తెలతెలవారుతుండగా, అడుగు కనపడే వెలుతురులో తీసుకుపో. అంచుకు నాలుగు బారలు ఇవతల వెడల్పాటి బండ చూసి కూర్చోబెట్టు. నిలబడనివ్వకు. మొదట అంతా ఒకటే బూడిద రంగు. తర్వాత ఎదుటి గోడ నెత్తిన సన్నగా ఎర్రటి గీత పడుతుంది. అది మెల్లగా కిందికి దిగుతూ ఉంటే ఒక్కో పొర బయటపడుతుంది. ఎవరో కూలికి ఒప్పుకుని బండ మీద బండ పేర్చి, మధ్యలో సున్నం పెట్టడం మరిచిపోయినట్టుంటుంది ఆ గోడ. నీళ్ల దగ్గర మాత్రం ఇంకా రాత్రే. పావురాళ్లు మన కాళ్ల కింద ఎగురుతుంటాయి. పక్షి పొట్ట చూడటమే కానీ ఎగిరే పక్షి వీపు చూడటం పిల్లలకు అదే మొదలు. ఆ అరగంట ఫోను జేబులో పెట్టుకో. ఇది సలహా కాదు, ముసలివాడి చాదస్తం అనుకో.

కోట ఎండ ముదరకముందే తిరిగెయ్. జామియా మసీదు, దాని పక్కన ధాన్యాగారం. ధాన్యాగారంలోకి పోయాక పిల్లల్ని ఒకసారి పేరు పెట్టి అరవమను, కప్పు ఎట్లా తిరిగి పలుకుతుందో వింటారు. మాధవరాయస్వామి గుడిలో మూర్తి లేదు కానీ స్తంభాల దగ్గర ఎంతసేపైనా నిలబడొచ్చు. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకుల కోట ఇది. తర్వాత గోల్కొండ సుల్తాను తరఫున అతని మంత్రి మీర్ జుమ్లా గెలుచుకున్నాడు. టావెర్నియే అని ఫ్రాన్సు నుంచి వచ్చిన నగల వ్యాపారి 1652లో ఇక్కడికే వచ్చి అతణ్ని కలిశాడు. పెద్దాడికి ఈ కథ చెప్పు, నిలబడి వింటాడు. ఒకటి గుర్తుంచుకో, కోటలోపల ఊరుంది, మనుషులు కాపురాలు చేస్తున్నారు. ఇళ్ల మీద డ్రోను తిప్పడం, వాకిట్లో కూర్చున్న అవ్వను అడక్కుండా ఫోటో తీయడం చేయొద్దు. టీ, టిఫిన్ ఊళ్లో అమ్మేవాళ్ల దగ్గరే తాగండి, తినండి.

నీ ప్లాన్‌లో యాగంటి, బెలుం గుహలు కూడా ఉన్నాయని విన్నాను. పోయేటప్పుడే అన్నీ చుట్టేసి పోదామనుకుంటే చీకట్లో గండికోట చేరతావు, మొదటికే మోసం. ఏదైనా తిరుగు ప్రయాణంలో పెట్టుకో, అదీ ఒక్కటే. బెలుం అయితే కొలిమిగుండ్ల మీదుగా పోయి, పదిన్నరకల్లా లోపలికి దిగు. మొత్తం గుహ 3,229 మీటర్లు, మనల్ని పోనిచ్చేది అందులో కిలోమీటరున్నర. లోపల ఉక్కపోత, మనిషికి ఒక నీళ్ల సీసా ఉండాలి. రాత్రి నిద్ర సరిగా లేనివాడివి, బయటికి వచ్చాక అరగంట చెట్టు కింద నడుం వాల్చి అప్పుడు స్టీరింగు పట్టుకో. నిద్ర వస్తే ఏసీ పెంచడం, పాటలు పెట్టడం మందు కాదు. పడుకోవడమే.

బెలుం వద్దనుకుంటే మా ఇంటికి రండి. జమ్మలమడుగు నుంచి ఎంతసేపు! మీ అత్త సంగటి, నాటుకోడి పులుసు అని ఇప్పటినుంచే అంటోంది. పిల్లలు బెలుమే అంటారు, నాకు తెలుసు, నేనేమీ అనుకోను. కానీ వచ్చేదీ రానిదీ జమ్మలమడుగులో పెట్రోలు కొట్టించేటప్పుడే ఫోన్ చేసి చెప్పు, కోడి సంగతి చూసుకోవాలి.

వస్తే ఆ టార్చి విషయం ఎత్తకు. అది బస్సులో పోయిందని చెప్పాను మీ అత్తకు.

మీ మామ