‘మెషీన్లను ఎమ్యులేట్ చేయబడుతుంది’ అనవచ్చా?

సందేహం: మా అబ్బాయి తన ఇంజనీరింగ్ ప్రాజెక్టు గురించి తెలుగులో రాస్తూ ‘ఎక్స్‌పర్ట్ సిస్టమ్‌ల కోసం మల్టీప్రాసెసర్ వర్చువల్ మెషీన్లను ఎమ్యులేట్ చేయబడుతుంది’ అన్నాడు. ఎక్స్‌పర్ట్ సిస్టమ్ అంటే నిపుణుడిలా సలహా చెప్పే ప్రోగ్రాము, వర్చువల్ మెషీన్ అంటే సాఫ్ట్‌వేర్‌తో ఏర్పరచిన కంప్యూటరు, ఎమ్యులేట్ చేయడమంటే ఒక యంత్రం చేసే పనిని మరో యంత్రం మీద సాఫ్ట్‌వేర్‌తో అచ్చంగా చేయించడమట. ‘మిథ్యా యంత్రాలను అనుకరించబడుతుంది’ అంటే మేలని నేనన్నాను. ఏది ఒప్పు?

సమాధానం: రెండూ తప్పే. మాటల సంగతి తర్వాత, ముందు వాక్యమే కుదరలేదు. ‘బడు’ వస్తే కర్మకు ‘ను’ చేరదు, క్రియ కర్మను బట్టి మారుతుంది: ‘మెషీన్లు ఎమ్యులేట్ చేయబడతాయి’. ‘ను’ కావాలంటే ‘బడు’ పోవాలి: ‘మెషీన్లను ఎమ్యులేట్ చేస్తారు’. తెలుగు నుడికారం రెండోదే. ‘నిందితులను అరెస్టు చేయబడింది’ లాంటివి రోజూ చదివీ చదివీ మన చెవికి ఈ తప్పు తగలడం మానేసింది.

ఇక ‘మిథ్య’. అద్దంలోని బొమ్మను భౌతికశాస్త్రంలో మిథ్యా ప్రతిబింబం అంటాం. తెర మీద పట్టలేం కాబట్టి అక్కడ ఆ మాట తగింది. వర్చువల్ మెషీన్ అలాంటిది కాదు. ఐబీఎం 1972లో ప్రకటించిన వీఎం/370 అనే సాఫ్ట్‌వేర్‌తో ఒకే పెద్ద కంప్యూటరును ఎందరో ఎవరికి వారే సొంత యంత్రంలా వాడుకునేవారు. అందులో వేసిన లెక్క నిజం లెక్కే. పైగా అందులో చాలా ఆదేశాలు అసలు ప్రాసెసర్ మీదే నేరుగా నడిచేవి. అంటే వర్చువల్ మెషీన్ ఉన్నంత మాత్రాన ఎమ్యులేషన్ జరిగినట్టు కాదు.

‘అనుకరించు’ కొంత నయం. కానీ ఒకదాని తీరును నమూనాతో పరిశీలించే సిమ్యులేషన్‌కూ దాన్నే వాడుతున్నాం కాబట్టి తికమక తప్పదు. ‘ఎమ్యులేట్ చేయు’ అనండి, ‘ఫోన్ చేయు’ అనడం లేదా?

అసలు చిక్కు ‘మల్టీప్రాసెసర్ వర్చువల్ మెషీన్’ అనే సమాసంలో ఉంది. అనేక ప్రాసెసర్లు ఉన్న వర్చువల్ మెషీనా, అనేక ప్రాసెసర్ల మీద నడిచే వర్చువల్ మెషీనా? రెండూ ఒకటి కావు. క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్‌లో 2017 నాటి 2.9 వెర్షన్‌కు ముందు, లోపల నాలుగు ప్రాసెసర్లు కనిపించినా ఎమ్యులేషన్‌లో అవన్నీ ఒకే థ్రెడ్ (ఒకదాని తర్వాత ఒకటిగా నడిచే ఆదేశాల వరస) మీద వంతులవారీగా నడిచేవి. బయట ఎన్ని ప్రాసెసర్లున్నా అంతే. విగ్రహవాక్యం చెప్పకుండా ఇలాంటి సమాసాన్ని వదిలేయకూడదు.

‘వర్చువల్ మెషీన్‌ను ఎమ్యులేట్ చేయడం’ అర్థం లేని మాటేమీ కాదు. ఎక్స్‌పర్ట్ సిస్టమ్‌లు రాయడానికి వాడే ప్రోలాగ్ భాష కోసం డేవిడ్ వారెన్ 1983లో ఒక యంత్రాన్ని కాగితం మీదే రూపొందించాడు. దాని ఆదేశాలను మామూలు కంప్యూటర్ల మీద ఎమ్యులేటర్లు అమలు చేస్తాయి. మీ అబ్బాయి చేసిందీ అలాంటిదే అయితే ఇలా రాయమనండి: ‘ఎక్స్‌పర్ట్ సిస్టమ్‌లను నడపడానికి, అనేక ప్రాసెసర్లున్న కంప్యూటరు మీద ఒక వర్చువల్ మెషీన్‌ను ఎమ్యులేట్ చేశాను.’ చేసింది తనే కదా, ‘చేయబడింది’ ఎందుకు?